నైస్ అన్నారంటే మెచ్చుకున్నట్టేనా?

మీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకీ సంగతి తెలియాలి కదా. లండన్‌లో ఉన్న క్లయింట్‌కి మీరు రెండు వారాలు కూర్చుని చేసిన రిపోర్ట్ పంపారు. ఆవిడ దగ్గర్నుంచి 'నైస్, థాంక్స్' అని రెండే మాటలు వచ్చాయి. అది మెచ్చుకోలా, లేక చూశాంలే అని పక్కన పెట్టడమా అన్నది మీ టెన్షన్. దాంతో పాటు నైస్‌కీ గుడ్‌కీ తేడా ఏమిటి, ఏది ఎక్కడ వాడాలి అని కూడా అడిగారు.

ఇరవై ఆరేళ్ళుగా ఇంగ్లీష్ చెప్తున్నాను, మొదట్లో డిగ్రీ పిల్లలకి, ఆ తర్వాత అంతా ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకే. ఇన్నేళ్ళలో మనవాళ్ళు తప్పుగా అర్థం చేసుకునే మాటల్లో ఇది ముందు వరసలో ఉంటుంది, కారణం ఏమిటంటే ఇది అందరికీ వచ్చిన మాట. రాని మాట కనిపిస్తే డిక్షనరీ తీస్తాం, వచ్చిన మాటకి ఎవరు తీస్తారు?

సూటిగా జవాబు చెప్పాలంటే, ఆవిడకి మీ రిపోర్ట్ నచ్చింది. కానీ ఎంత నచ్చిందో ఆ మాటలో లేదు. ఇంట్లో కూర ఎలా ఉందని అడిగితే కంచంలోంచి తల ఎత్తకుండా 'బాగుంది' అని తినేస్తూ ఉంటారు చూడండి, అలాంటిది. బాగాలేకపోతే చెప్పి ఉండేవాళ్ళు, అంతవరకు నిశ్చింత. అద్భుతంగా ఉన్నా కూడా ఆ ఒక్క మాటే వచ్చి ఉండొచ్చు. నైస్ అన్న మాట ఇష్టం ఏ వైపు ఉందో చూపిస్తుంది, ఎంత ఉందో కొలిచి చెప్పదు, ఎందుకు ఉందో అసలే చెప్పదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా దీన్నుంచే వస్తుంది.

ఇప్పుడు గుడ్‌కీ దీనికీ తేడా. మనం బడిలో రెండింటికీ 'మంచి' అనే నేర్చుకున్నాం, తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. ఒక డాక్టర్ గురించి మాట్లాడుతున్నారనుకోండి. 'షీ ఈజ్ ఏ గుడ్ డాక్టర్' అంటే ఆవిడ వైద్యం బాగా చేస్తుంది, జబ్బు సరిగ్గా పట్టుకుంటుంది, మన మాటల్లో హస్తవాసి మంచిది. 'షీ ఈజ్ ఏ నైస్ డాక్టర్' అంటే ఓపిగ్గా వింటుంది, కసురుకోదు, నవ్వుతూ మాట్లాడుతుంది. వైద్యం సంగతి అందులో లేదు. ఆపరేషన్ చేయించుకోబోయేవాడికి మీరు 'నైస్ సర్జన్' అని చెప్తే వాడికి ధైర్యం రాదు, మళ్ళీ ఇంకొకరిని అడుగుతాడు.

ఈ తేడా తెలుగులో లేదని అనుకోకండి. మనం మాట మార్చకుండా మాట ఉన్న చోటు మారుస్తాం. 'ఆయన మంచి డాక్టరండీ' అంటే పనితనం. 'ఆ డాక్టర్ మంచాయనండీ' అంటే గుణం, మాట తీరు. విన్నవాళ్ళెవరూ పొరబడరు. ఇంగ్లీష్‌లోకి వెళ్ళేటప్పుడు మాత్రం రెండు చోట్లా గుడ్ పెట్టేస్తాం, లేదా రెండు చోట్లా నైస్ పెట్టేస్తాం. మా క్లాసులో ఎప్పుడూ ఇదే చేయిస్తాను, చెప్పబోయే వాక్యాన్ని ముందు తెలుగులో మనసులో అనుకోండి, 'మంచి' అన్నది వృత్తికి ముందు వచ్చిందా, మనిషికి అంటుకుని వచ్చిందా చూసుకోండి. వృత్తికి ముందు వస్తే గుడ్, మనిషికి అంటుకుంటే చాలాసార్లు నైస్.

చాలాసార్లు అన్నాను, ఎప్పుడూ అనలేదు. ఎందుకంటే 'గుడ్ మ్యాన్' అన్న మాట కూడా ఉంది, దానికి బరువు ఎక్కువ. నీతి ఉన్నవాడు, అవసరానికి నిలబడేవాడు, మాట తప్పనివాడు. నైస్ మ్యాన్ అంటే ఎదుటివాళ్ళతో మర్యాదగా, కలుపుగోలుగా ఉండేవాడు. ముక్కు మీద కోపం ఉన్న గుడ్ మ్యాన్ ఉండొచ్చు, మా నాన్నగారు అలాంటివారే. తియ్యగా మాట్లాడుతూ అప్పు ఎగ్గొట్టేవాడు కూడా పైకి నైస్‌గానే ఉంటాడు. ఎవరైనా చనిపోయినప్పుడు సంతాపం రాస్తూ 'హీ వాజ్ ఏ నైస్ మ్యాన్' అని మాత్రమే రాసి వదిలేయకండి. తప్పు కాదు, కానీ పలచగా ఉంటుంది. గుడ్ మ్యాన్, కైండ్ మ్యాన్ అంటే ఆ సందర్భానికి తగిన బరువు వస్తుంది.

ఇక్కడ తెలంగాణ, ఆంధ్ర తేడా ఒకటి చెప్పాలి, క్లాసులో నేను గమనించింది. తెలంగాణలో 'మంచిగుంది' అన్న ఒక్క మాట తిండికీ, ఎండావానకీ, ఒంటి ఆరోగ్యానికీ, సినిమాకీ సరిపోతుంది, 'మంచిగున్నవా' అని పలకరిస్తారు. అటు కోస్తాలో అయితే అదే పని 'బాగుంది' చేస్తుంది, 'బాగున్నారా' అంటారు. ఇంగ్లీష్ నైస్‌కి తెలుగులో దగ్గరి చుట్టం నిజానికి 'మంచి' అనే విశేషణం కంటే ఈ 'బాగుంది', 'మంచిగుంది' అనేవే. 'నైస్ వెదర్' అంటే 'మంచి వాతావరణం' అని రాస్తే టీవీలో వార్త చదివినట్టు ఉంటుంది. 'ఇవాళ హాయిగా ఉంది' అంటే అది తెలుగు.

అనువాదం చేసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఇంగ్లీష్‌లో ఒక్క నైస్ ఉన్న చోట మన దగ్గర ఒక్కో సందర్భానికి ఒక్కో మాట ఉంది, అది వెతికి పెట్టాలి. గాలి అయితే హాయి, వాసన అయితే కమ్మన, ఇల్లు అయితే ముచ్చటగా, పాట అయితే వినసొంపుగా, చీర అయితే నప్పింది, మనిషి అయితే కలుపుగోలు లేదా సౌమ్యుడు. 'ఏ నైస్ లిటిల్ హౌస్' అన్నదాన్ని ఒకమ్మాయి నా దగ్గర 'మంచి చిన్న ఇల్లు' అని రాసింది. పక్కనే కూర్చున్న ఇంకో అమ్మాయి 'బొమ్మరిల్లులా ఉంది' అంది. ఇప్పటికీ నాకు గుర్తున్న జవాబు అది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తాను, కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి. నైస్ అన్న మాట ఇంగ్లీష్‌లో ఉండటమే కాదు, తెలుగులో కూడా స్థిరపడిపోయింది, కానీ ఇక్కడ దాని అర్థం వేరు. 'పిండి నైస్‌గా రుబ్బు' అంటాం. అంటే పలుకు తగలకుండా, మెత్తగా. బట్ట పట్టుకుని చూసి 'నైస్‌గా ఉంది' అంటాం, అంటే నున్నగా, జారుతున్నట్టు. గోడకి లప్పం పెట్టే మేస్త్రీ కూడా 'నైస్‌గా వచ్చేలా ఇంకో కోటింగ్ వేస్తానండీ' అంటాడు. ఈ అర్థం ఇప్పటి ఇంగ్లీష్‌లో లేదు. నా దగ్గర చదివిన ఒకబ్బాయి ఇంగ్లండ్‌లో చదువుకుంటూ ఒక హోటల్ వంటింట్లో పార్ట్‌టైమ్ చేసేవాడు. పక్కవాడికి చట్నీ ఇచ్చి 'గ్రైండ్ ఇట్ నైస్‌లీ' అన్నాడట. ఆ అబ్బాయి ఎంతో శ్రద్ధగా, చుట్టూ ఒలకకుండా రుబ్బి ఇచ్చాడు, చట్నీ మాత్రం కచ్చాపచ్చాగానే ఉంది. వీడు అడిగింది మెత్తదనం, వాడు విన్నది శ్రద్ధ. అక్కడ కావాల్సిన మాట ఫైన్ లేదా స్మూత్. 'గ్రైండ్ ఇట్ టు ఏ స్మూత్ పేస్ట్' అంటే ఎవరికైనా తెలుస్తుంది.

మనుషుల విషయానికి వస్తే మన నైస్‌గా ఇంకా దూరం జరిగింది. 'నైస్‌గా మాట్లాడి సంతకం పెట్టించుకున్నాడు', 'బిల్లు వచ్చేసరికి నైస్‌గా జారుకున్నాడు' అంటాం. ఇందులో మెచ్చుకోలు ఏమీ లేదు, చప్పుడు కాకుండా, ఎదుటివాడికి తెలియకుండా తన పని చక్కబెట్టుకున్నాడని ఫిర్యాదు. ఇదే అర్థం మనసులో పెట్టుకుని ఇంగ్లీష్‌లో 'హీ స్పోక్ టు మీ వెరీ నైస్‌లీ అండ్ టుక్ మై సిగ్నేచర్' అని మెయిల్ రాస్తే, చదివిన ఇంగ్లీష్ మనిషి అతను చాలా మర్యాదస్తుడు అనుకుంటాడు. మీ ఫిర్యాదు కాస్తా ప్రశంస అయిపోతుంది. మోసం ఉంటే మోసం అనే రాయాలి, 'హీ ట్రిక్డ్ మీ' అనాలి. నైస్‌లీ ఆ పని చేయదు.

ఇంత తిరిగిన మాట అసలు ఎక్కడ పుట్టిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లాటిన్‌లో 'నెస్కియస్' అని ఒక మాట ఉంది. 'నె' అంటే కాదు, సంస్కృతంలో 'న' లాంటిదే. 'స్కిరే' అంటే తెలుసుకోవడం, సైన్స్ అన్న మాట కూడా అక్కడిదే. రెండూ కలిపితే తెలియనివాడు, అజ్ఞాని. అదే ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీష్‌లోకి వచ్చింది, వచ్చినప్పుడు దానర్థం తెలివితక్కువ, మూర్ఖమైన అని. పద్నాలుగో శతాబ్దంలో చాసర్ కవి రాతల్లో నైస్ అంటే తిట్టే. అక్కడి నుంచి అది పోని దారి లేదు. కొన్నాళ్ళు విచ్చలవిడి అని, కొన్నాళ్ళు ప్రతిదానికీ వంక పెట్టే సుకుమారం అని, షేక్‌స్పియర్ ఒక చోట 'ఆ గొడవ ఎంత నైస్' అంటే ఎంత అల్పమైనదో అని. పదహారో శతాబ్దానికి సూక్ష్మమైన, కచ్చితమైన అన్న అర్థం స్థిరపడింది. ఇప్పుడు మనం వాడే ఇంపైన, బాగున్న అన్న అర్థం పద్దెనిమిదో శతాబ్దంలో గానీ రాలేదు. మనిషి దయగలవాడు అన్న అర్థం అంతకంటే తర్వాతది.

తెలివితక్కువతనం దగ్గర మొదలైన మాట ఇష్టం దగ్గరికి ఎలా వచ్చిందా అని వింతగా అనిపిస్తుంది కదా. మన ఇంట్లోనే ఇలాంటి మాట ఉంది. 'ముగ్ధ'. సంస్కృతంలో 'ముహ్' అనే ధాతువు నుంచి వచ్చింది, దిమ్మెరపోవడం, తెలివి తప్పడం దాని అర్థం. మోహం, మూఢుడు కూడా ఆ ధాతువు పిల్లలే. ముగ్ధ అంటే మొదట ఏమీ తెలియనిది. ఏమీ తెలియనిది కాబట్టి అమాయకురాలు, అమాయకురాలు కాబట్టి ముద్దొచ్చేది, అలా అలా అందమైనది అయింది, ఈ రోజు 'ముగ్ధ మనోహరం' అంటే ఎవరూ తిట్టుగా తీసుకోరు. తోడబుట్టిన మూఢుడు మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో 'పిచ్చి తల్లీ' అని పిల్లని దగ్గరకి తీసుకునేటప్పుడు కూడా ఇదే దారి. కాబట్టి నైస్ ప్రయాణం మనకి అర్థం కానిదేమీ కాదు.

ఆ పాత అర్థాల్లో ఒకటి ఇంకా బతికే ఉంది, అది మీ పనిలో ఎదురవుతుంది కాబట్టి చెప్తున్నాను. లాయర్లు, పరిశోధకులు రాసేటప్పుడు 'ఏ నైస్ డిస్టింక్షన్' అంటారు. మంచి తేడా అని కాదు దానర్థం, చాలా సన్నని తేడా అని. 'నైసిటీ' అనే నామవాచకం కూడా ఉంది, వివరాల్లో ఉండే సూక్ష్మత. 'లీగల్ నైసిటీస్' అని కాంట్రాక్ట్ గురించి మెయిల్ వస్తే చట్టంలోని చిన్న చిన్న మెలికల గురించి మాట్లాడుతున్నారని అర్థం. ఈ సన్నదనం, మన వంటింటి 'నైస్‌గా రుబ్బు' పక్కపక్కన పెట్టి చూడండి, ఎంత దగ్గరగా ఉన్నాయో.

మాట ఇలా అన్నిటికీ అంటుకుపోవడం అక్కడి రచయితలకి కూడా నచ్చలేదు. 1817 చివర్లో, రచయిత్రి చనిపోయాక వెలువడిన జేన్ ఆస్టెన్ నవల 'నార్తాంగర్ ఆబీ'లో దీని మీద ఒక సంభాషణే ఉంది. నాయిక ఒక నవలని ప్రపంచంలోకెల్లా నైసెస్ట్ పుస్తకం కదా అంటుంది. నాయకుడు, నైసెస్ట్ అంటే శుభ్రంగా ఉండటమా, అది బైండింగ్ బట్టి ఉంటుంది అంటాడు. ఆ తర్వాత, ఇదివరకు ఈ మాటని తీరుగా, సుకుమారంగా ఉన్నవాటికి వాడేవాళ్ళు, ఇప్పుడు ఏ విషయం మీద ఏ మెచ్చుకోలైనా ఈ ఒక్క మాటలోనే అని దెప్పుతాడు. నూరేళ్ళు దాటాక 1926లో ఫౌలర్ తన ఇంగ్లీష్ వాడుక నిఘంటువులో మళ్ళీ అదే బాధ పడ్డాడు, మాటలో సొంత వ్యక్తిత్వం అంతా పోయి ఏదో లేత ఇష్టాన్ని చిలకరించే మాటగా మిగిలిందని. తప్పంతా ఆడవాళ్ళదే అని కూడా రాశాడు, అది నేను ఒప్పుకోను. మాట పలచబడటానికి అందరం వాడటమే కారణం. మన 'సూపర్' చూడండి, బస్సుకీ సూపరే, బజ్జీకీ సూపరే.

సరే, వాడుకకి వద్దాం.

మొదటిసారి కలిసినప్పుడు 'నైస్ టు మీట్ యూ'. రెండోసారి నుంచి 'నైస్ టు సీ యూ'. మనవాళ్ళు పదోసారి కలిసినా మీట్ అంటారు, అవతలివాళ్ళు 'అయ్యో, ఇంతకుముందు కలిశాం కదా, మర్చిపోయారా' అనుకుంటారు. మొదటిసారి కలిసి వెళ్ళిపోతున్నప్పుడు 'నైస్ మీటింగ్ యూ'. ఇది వీడియో కాల్స్‌లో కూడా అంతే.

ఎవరైనా మీకు సాయం చేస్తే 'దట్స్ నైస్ ఆఫ్ యూ'. ఇక్కడ 'ఆఫ్' ముఖ్యం. 'నైస్ ఆఫ్ యూ' అంటే మీ మంచితనం. 'నైస్ ఫర్ యూ' అంటే మీకు సుఖంగా ఉంటుంది అని, మాట తీరుని బట్టి కొంచెం అసూయ కూడా వినిపిస్తుంది. లిఫ్ట్ ఇచ్చిన మనిషితో 'నైస్ ఫర్ యూ' అంటే ఆయనకి ఏమీ అర్థం కాదు.

తర్వాత 'నైస్ అండ్' అనే జంట. 'నైస్ అండ్ వార్మ్', 'నైస్ అండ్ స్లో', 'నైస్ అండ్ ఎర్లీ'. ఇందులో నైస్‌కి సొంతంగా అర్థం వెతక్కండి, పక్కన ఉన్న గుణం మనకి కావాల్సినట్టే ఉందని చెప్పడానికి వచ్చింది. వేడివేడిగా, నెమ్మదిగా, కాస్త ముందుగానే అని మనం సాగదీసి చెప్తామే, అదే పని. 'ది టీ ఈజ్ నైస్ అండ్ హాట్' బాగుంటుంది. నామవాచకం ముందు పెట్టేటప్పుడు మాత్రం 'అండ్' తీసేయాలి, 'ఏ నైస్ హాట్ కప్ ఆఫ్ టీ'. ఇంకా వేరే విశేషణాలు ఉంటే నైస్ అన్నిటికంటే ముందు నిలబడుతుంది, ఎందుకంటే ఇంగ్లీష్‌లో మన అభిప్రాయం చెప్పే మాట సైజు కంటే, రంగు కంటే ముందు రావాలి. 'ఏ నైస్ బిగ్ రెడ్ బ్యాగ్', అంతేగానీ 'రెడ్ బిగ్ నైస్ బ్యాగ్' కాదు.

గొంతు సంగతి రాతలో చెప్పడం కష్టం గానీ చెప్పకపోతే ఈ జవాబు సగమే. గొంతు పైకి లేచి సాగితే నిజమైన సంతోషం. చప్పగా, కిందికి దిగి, చూపు ఇంకెక్కడో ఉంటే 'సరే, విన్నాను' అని మాత్రమే. పనిలో ఉన్న తల్లి పిల్లాడు తెచ్చి చూపించిన బొమ్మ వైపు అర క్షణం చూసి 'దట్స్ నైస్' అంటుంది, మనం 'బాగుంది నాన్నా, వెళ్ళి ఆడుకో' అన్నట్టు. ఇంకో రకం ఉంది, పని పాడయ్యాక 'నైస్, వెరీ నైస్' అని కటువుగా అనడం. మన 'బాగుంది వరస', 'బాగానే చేశావ్' ఎలాగో ఇదీ అంతే, మనకి పట్టుకోవడం కష్టం కాదు. 'ఏ నైస్ మెస్' అని ఉంటే ఆ గందరగోళాన్ని ఎవరూ మెచ్చుకోవడం లేదు.

'నైస్ ట్రై' దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రయత్నం బాగుంది కానీ కుదరలేదు అని దానర్థం. చిన్నపిల్లలతో, ఆటల్లో అయితే ఓదార్పు. పెద్దవాళ్ళ మధ్య అయితే 'నీ ఎత్తు నాకు తెలిసిపోయిందిలే' అని కూడా అవుతుంది. ఒక ఉద్యోగి జీతం పెంచమని మెయిల్ రాస్తే పై అధికారి 'నైస్ ట్రై' అని జవాబిచ్చాడట, ఆ అమ్మాయి దాన్ని పట్టుకుని ఇంట్లో అందరికీ సంతోషంగా చెప్పుకుంది. నా దగ్గరికి వచ్చి చూపించినప్పుడు నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను, మళ్ళీ ఎలా అడగాలో ఇద్దరం కూర్చుని రాశాం.

'నైస్ వన్' అన్నది బ్రిటన్‌లో బాగా వినపడుతుంది, శభాష్, భలే అన్నట్టు, ఒక్కోసారి థాంక్స్ బదులు కూడా. 'నైస్ ఇనఫ్' అంటే పర్లేదు, ఇబ్బంది పెట్టే మనిషి కాదు, అంతవరకే. 'క్వైట్ నైస్' అన్నది చెప్పేవాళ్ళ దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికన్ అంటే చాలా బాగుందని, బ్రిటిష్ మనిషి అంటే చాలాసార్లు ఒక మాదిరిగా బాగుందని. లండన్ క్లయింట్ కాబట్టి ఇది మీకు పనికొస్తుంది. ఆవిడ ఎప్పుడైనా 'క్వైట్ నైస్' అని రాస్తే అందులో ఇంకొంచెం బాగుచేయొచ్చు అన్న మాట దాగి ఉండొచ్చు. ఈసారి ఆవిడ క్వైట్ అనలేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి మీకు రోజూ కనిపించే ఉదాహరణ ఇంకొకటి. కంప్యూటర్లని నడిపే లినక్స్‌లో 'నైస్' అని ఒక కమాండే ఉంది, ఏ ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయో చూడటానికి 'టాప్' కొట్టినప్పుడు కనిపించే ఎన్‌ఐ కాలమ్ అదే. మైనస్ 20 నుంచి 19 వరకు విలువలు, ఈ కమాండ్ వాడకుండా మామూలుగా నడిపితే 0. విలువ ఎంత ఎక్కువైతే ఆ ప్రోగ్రామ్‌కి ప్రాధాన్యం అంత తక్కువ. మొదటిసారి చూసినవాళ్ళకి తిరగేసి ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ మనిషికి వాడినప్పుడు నైస్ అంటే ఏమిటో గుర్తు తెచ్చుకుంటే చటుక్కున అర్థమవుతుంది, నైస్‌గా ఉండేవాడు తను పక్కకి తప్పుకుని మిగతావాళ్ళకి దారి ఇస్తాడు. నైస్ విలువ 19 ఉన్న ప్రోగ్రామ్ అందరినీ ముందు పోనిచ్చేది. ఎవరికీ దారి ఇవ్వని మైనస్ విలువ పెట్టాలంటే మామూలు యూజర్‌కి అధికారం ఉండదు, సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న రూట్ యూజర్ కావాలి. గుడ్‌కీ నైస్‌కీ తేడా చెప్పమంటే ఇంజనీర్లకి నేను ఇదే చెప్తాను. వేగంగా, తప్పు లేకుండా పనిచేసే ప్రోగ్రామ్ గుడ్, పక్కవాళ్ళని ఇబ్బంది పెట్టనిది నైస్.

ఉచ్చారణ గురించి ఒక్క ముక్క. ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు పేరు ఇంగ్లీష్‌లో ఇదే స్పెల్లింగ్‌తో రాస్తారు గానీ 'నీస్' అని పలకాలి, ఈ మాటతో దానికి చుట్టరికం లేదు. బ్రిటన్‌లో డాక్టర్లుగా చేస్తున్న మనవాళ్ళు 'నైస్ గైడ్‌లైన్స్' అంటుంటే అది 1999లో అక్కడ పెట్టిన ఆరోగ్య సంస్థ పేరులోని పొడి అక్షరాలు, మెచ్చుకోలు కాదు.

చివరిగా, ఎక్కడ వాడకూడదు అన్నది. ఇది నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే నష్టపోయినవాళ్ళని చూశాను. పై చదువులకి వెళ్ళే పిల్లలకి రికమెండేషన్ లెటర్ రాసేటప్పుడు, టీమ్‌లో వాళ్ళకి అప్రైజల్ రాసేటప్పుడు నైస్ వద్దు. చాలా ఏళ్ళ క్రితం ఒక కుర్రాడు నా దగ్గరికి ఒక లెటర్ తెచ్చి చూపించాడు. వాళ్ళ లెక్చరర్ ప్రేమగానే రాశారు, అందులో అనుమానం లేదు. 'హీ ఈజ్ ఏ వెరీ నైస్ బాయ్, హిజ్ బిహేవియర్ ఈజ్ వెరీ నైస్, ఐ విష్ హిమ్ ఏ నైస్ ఫ్యూచర్.' లెటర్ మొత్తం అదే. తెలుగులో ఇది నిండైన ఆశీర్వాదం, బుద్ధిమంతుడు, వినయం ఉన్నవాడు, చల్లగా ఉండాలి అని. ఇంగ్లీష్‌లో చదివేవాడికి మాత్రం ఒకటే వినిపిస్తుంది, ఈ పిల్లాడి చదువు గురించి చెప్పడానికి ఏమీ దొరకలేదు కాబట్టి మంచివాడని రాశారు అని. ఆ కుర్రాడు మూడో సంవత్సరం ప్రాజెక్టులో నాలుగు నెలలు ల్యాబ్‌లోనే కూర్చుని, తప్పు వచ్చిన ప్రతి లెక్కనీ మళ్ళీ మొదటి నుంచి చేశాడు. ఆ సంగతి లెటర్‌లో ఒక్క వాక్యంగా ఉన్నా చాలు, నైస్ మూడుసార్లు అక్కర్లేదు. మేము వెళ్ళి ఆ లెక్చరర్‌ని అడిగితే ఆయన ఏమీ అనుకోకుండా మళ్ళీ రాసిచ్చారు. ఈసారి థరో, పేషెంట్, రిలయబుల్ అన్న మాటలు వచ్చాయి, ప్రతి మాట వెనక ఒక సంఘటన వచ్చింది.

మీరు మెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు కూడా అంతే చేయండి. నైస్ వర్క్ అని మొదలుపెట్టండి, తప్పేమీ లేదు, ఆ వెంటనే ఏది నచ్చిందో ఒక్క ముక్క కలపండి. 'నైస్ వర్క్, ది సెకండ్ టేబుల్ సేవ్డ్ మీ ఏన్ అవర్' అన్నప్పుడు అందుకున్నవాళ్ళకి అనుమానం ఉండదు, మీలాగా రాత్రంతా ఆలోచించాల్సిన అవసరం రాదు.

ఇక మీ క్లయింట్ సంగతి. ఆవిడకి నచ్చింది, అంతవరకు నమ్మకంగా ఉండండి. ఇంతకుముందు మీ టీమ్‌లో మిగతావాళ్ళకి ఆవిడ ఎలా రాసేవారో ఒకసారి పాత మెయిల్స్ చూడండి. అందరికీ రెండు మాటలే అయితే అది ఆవిడ అలవాటు. మిగతావాళ్ళకి నాలుగు వాక్యాలు రాసి మీకు మాత్రమే రెండు మాటలు రాసి ఉంటే అప్పుడు ఆలోచించాలి, అప్పుడు కూడా ఊహించుకుంటూ కూర్చోకుండా అడిగేయండి. 'ఈజ్ ఇట్ ఓకే?' అని అడగకండి, దానికి మళ్ళీ 'యెస్, నైస్' అనే వస్తుంది. 'గ్లాడ్ యూ లైక్డ్ ఇట్. విచ్ పార్ట్ వాజ్ మోస్ట్ యూస్‌ఫుల్, అండ్ వాట్ షుడ్ ఐ ఛేంజ్ నెక్స్ట్ టైమ్?' అని రాయండి. ఏమని జవాబు వచ్చిందో ఇక్కడ రాస్తే, దాన్ని కూడా కలిసి చదువుదాం.